దెందులూరు బావిలో కుండ

1936 వేసవి. ఏలూరులో ఒక చిన్న మ్యూజియం. గుమాస్తా అబ్దుల్ మజీద్ గాజుపెట్టె పక్కన కాయితం, కలం పట్టుకుని కూర్చున్నాడు. ఎదుట, పాత నాణేలు తెచ్చి ఇచ్చిన బియ్యం వర్తకుడు హనుమంతరావు. ఈ మధ్యాహ్నం కోసం మజీద్ పదేళ్లు ఎదురుచూశాడు.

"అలా కాదు, మజీదూ. 'దొరికినవి' కాదు. 'హనుమంతరావు గారు కనిపెట్టినవి' అని రాయి."

"రాశానండి. ఎక్కడ కనిపెట్టారండీ?"

"దెందులూరులో, మా తోటలో. బావి తవ్విస్తుంటే."

"ఎంత లోతునండీ?"

"రెండు నిలువులు దిగాక ఇటుకల గోడ తగిలింది. ఒక్కో ఇటుకా మూరెడుంది. మొన్న మీవాళ్లు తవ్వి తెచ్చి ఆ మూల పేర్చారే, అవే. ఆ గోడ మొదట్లో కుండ, కుండ నిండా సీసం నాణేలు. ఇదిగో, ఇటు ఏనుగు. ఇలా తిప్పు, ఓడ."

"కుండ పైకి తీసిందెవరండీ?"

"నేనే."

"మీరే దిగారా అండీ బావిలోకి?"

"దిగానన్నానా? తీయించాను. ఎవడో కూలివాడు. అదంతా లేబుల్ మీద పట్టదు."

"పడుతుందండి. సన్నగా రాస్తాను. అతని పేరు?"

"గుర్తులేదు."

"ఏ సంవత్సరమండీ?"

"ఇరవయ్యారు. గురువారం కలెక్టరు గారు వస్తున్నారు. ముందు నా పేరే ఆయన కంట పడాలి. రావు సాహెబు బిరుదు మాట ఎవరో ఆయన చెవిన వేశార్ట."

"అలాగేనండి. ఇక్కడ సంతకం పెట్టండి."

"పెట్టాను. ఏమిటలా చూస్తావు?"

"ఇవే నాణేలు మీ పూజగదిలోంచి పోయాయని ఇరవయ్యారులోనే కోర్టులో చెప్పారు కదండీ. మీ తాతగారి నాటివని, ప్రమాణం చేసి."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. తలుపు దగ్గర నిలబడి నేనే విన్నాను."

"నువ్వు... నువ్వు బావులు తవ్వే రసూల్ కొడుకువా?"

"పేరు గుర్తొచ్చిందన్నమాట."

"చూడు మజీదూ, అప్పుడు సంగతి..."

"కుండ దొరికిన సాయంత్రమే తాసీల్దారు గారికి చెప్పేద్దామన్నారు మా అబ్బాజాన్. మీరు వద్దన్నారు. తెల్లారేసరికి ఆయన దొంగ. ఏడాది రాజమండ్రి జైలు. ఆ ఏడాదంతా మా అమ్మని ఎవరూ పనికి పిలవలేదండి. దొంగ పెళ్లాం అన్నారు. ఆ మాట వింటూనే పోయింది."

"అయ్యిందేదో అయ్యింది. ఆ కాయితం ఇలా ఇయ్యి."

"ఇస్తానండి. బదులు ఇంకోటి రాసివ్వండి, మీ చేత్తో. 'ఈ నాణేలు దెందులూరు బావిలో రసూల్ తవ్వి తీశాడు. అతను దొంగతనం చెయ్యలేదు.' అంతే."

"మొదటి ముక్క రాస్తాను. రెండోది రాయను."

"సరేనండి. కోర్టు తీర్పు నకలు నా దగ్గరుంది. అదీ, మీరిప్పుడు సంతకం పెట్టిందీ, రెండూ పక్కపక్కన గురువారం కలెక్టరు గారి ముందు పెడతాను. ఆయనే చదువుకుంటారు."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. గుమాస్తాని. కాయితాలు అందించడమే కదండీ నా పని."

"...రాస్తే, లేబుల్ మీద నా పేరు?"

"మీరు చెప్పినట్టే ఉంటుందండి. పైన, పెద్ద అక్షరాల్లో."

"అయినా నాకు తెలీకడుగుతాను, మీ నాన్న కొల్లేట్లో దోనె తిరగబడి పోయాడని విన్నానే. పోయినవాడికి ఇప్పుడీ మాటెందుకయ్యా?"

"విన్నారా అండీ. కలం ఇదిగోనండి."

"ఇయ్యి. పోయినవాడు లేచొచ్చి నా మీద దావా వేస్తాడా ఏమిటి. 'రసూల్... తవ్వి తీశాడు... దొంగతనం చెయ్యలేదు.' చాలా?"

"తారీఖు కూడా వెయ్యండి. సంతకం. ఆఁ. ఇదిగోనండి మీ కాయితం."

"చింపేశాను, చూశావా? ఇక ఆ ముక్క పట్టుకుని నువ్వేం చేస్తావు? పటం కట్టించుకుని గోడకి తగిలించుకో."

"తగిలించనండి. అబ్బాజాన్, వకీలు గారిని కూడా తీసుకుని ఇలా రండి. రాసిచ్చేశారు."