రాజయ్య గుర్రం గిట్టలు

"నానమ్మా, చిన్నతాత గుర్రం కొన్న ముచ్చట చెప్పవా?"

అవ్ బిడ్డా, చిన్న ముచ్చటే. రెండు ముక్కలల్ల అయిపోతది. ఆ ఫోను ఇటు పెట్టు, రికార్డు అయితుందా? సరే. అప్పట్ల దుమ్ముగూడేనికి బస్సు పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. అదన్నా డ్రైవర్ అత్తగారింట్ల కోడి కోసిననాడు రాదు. రేవు కాడి నుంచి సంతకు పోవాలంటే జట్కానే. మనిషికి పావలా... కాదు, అర్ధరూపాయి. పావలా నా పెండ్లప్పుడు.

మీ తాతకు గుర్రం కాళ్లు చూసుడు వచ్చు. వచ్చని ఆయనే చెప్పేటోడు. అసలు ఎవరి కాళ్లైనా చూసేటోడనుకో. నన్ను చూడ వచ్చిననాడు మొహం చూడలే, వాకిట్ల అటూ ఇటూ నడిపిచ్చిండు. ఆయనవి దొడ్డికాళ్లని నేను గప్పుడే చూసిన. పెద్దోళ్లున్నరని ఊకున్న.

ఏడున్న? ఆఁ, గుర్రం. మీ చిన్నతాత రాజయ్య జట్కా తోలుతనని ఉన్న ఎడ్ల జత అమ్మిండు. ఇగ దున్నేటందుకు ఎడ్లు లెవ్వు. గుర్రం కుంటిదైతే ఇంటిల్లిపాదీ పస్తే. మా యారాలు నర్సమ్మ, అదే రాజయ్య పెండ్లాం, "బావా, కాళ్లు మంచిగ చూడు" అని మీ తాతకు పదిసార్లు చెప్పింది.

అమ్మెటాయన గోదారి రేవుల గుర్రాన్ని నిలబెట్టిండు. మీ తాత దారానికి రాయి కట్టి, గుర్రం భుజం కాడ పట్టి కిందికి వదిలిండు. దారం మోకాలి నడిమి నుంచి దిగి గిట్ట నడిమికి రావాలె. గట్ల వస్తే కాలు తిన్నగున్నట్టు, తెలుసు గదా. దారం సక్కగనే దిగింది. ముంగట నుంచి చూసిండు, ఎనక నుంచి చూసిండు, ఒక కన్ను మూసి కూడా చూసిండు. "కొనురా తమ్మీ, ఇవి కాళ్లు కావు, టేకు గుంజలు" అన్నడు.

ఇంటికి తెచ్చి గట్టి వాకిట్ల నిలబెట్టినంక నర్సమ్మ అడిగింది: "బావా, ముందటి గిట్టలు రెండు ఒకదాన్నొకటి చూసుకుంటున్నయేంది?"

నిజమే. రేవుల మెత్తటి ఇసుక గదా, గిట్టలు మునిగినయ్. మీ తాత ఇసుక దాకనే చూసిండు.

"గిట్ట చూడలేదా?" అన్న నేను.

"అది ఇసుకల ఉండె గదనే!"

అమ్మినాయన అప్పటికే పడవెక్కి అవతల ఒడ్డుకు పోయిండు.

లోపలికి తిరిగిన గిట్టలు రెండేండ్లల్ల కుంటుతయని మళ్ల మీ తాతనే చెప్పిండు, ఎవరో వేరేటోడు చూసి కొన్నట్టు. ఇగ రాజయ్యకు బువ్వ దిగలే. గుర్రానికి బరువు తగ్గియ్యాలని తను జట్కా ఎక్కుడు బందుపెట్టిండు. జనాన్ని కూసోబెట్టి, పగ్గం పట్టుకొని, గిట్టలే చూసుకుంట పక్కన నడిచేటోడు. ఎండల, వానల, రోజుకు నాలుగు ట్రిప్పులు. "ఏం రాజయ్యా, గుర్రానికి తోవ తెల్వదా?" అనేటోళ్లు. నేను కూడా అన్న, అబద్ధమెందుకు.

నాలుగేండ్లు గిట్లనే నడిచిండు. ఐదో ఏడు కుంటుడు మొదలైంది. రాజయ్యకు. మోకాళ్లు అరిగినయని దవాఖానల చెప్పిండ్రు. పగ్గాలు నర్సమ్మ పట్టింది, ఆయన ఎనక సీట్ల కూసున్నడు.

గుర్రం పన్నెండేండ్లు లాగింది. ఒక్కనాడు కుంటలే.