బిగుతు, వదులు

కుట్టుమిషనున్న గది. మధ్యాహ్నం. అద్దం ముందు కోడలు, ఆమె నడుం దగ్గర పిన్నులతో అత్తగారు.

"పొట్ట లోపలికి పీల్చు."

"పీల్చానత్తయ్యా."

"ఇదేనా పీల్చడం? ఇంకా. ఆఁ... కదలకు, గుచ్చుకుంటే మళ్ళీ నన్నంటావు. చూశావా, పోయిన నెల సరిపోయిన గౌను, అప్పుడే బిగుతు! నీ ఒంటికి నేను బట్ట తేలేనమ్మాయ్."

"అప్పటికంటే తక్కువే తింటున్నానండీ."

"అందరూ అనేది అదే. గాలి పీల్చి లావయ్యేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని..."

"పొద్దున్నించీ టీ తప్ప ఏమీ ముట్టుకోలేదు."

"టీలో చక్కెర లేదూ? చెయ్యెత్తు. నా కొడుకు నోరు తెరిచి అనడు గానీ, వాడికి మాత్రం కళ్ళు లేవా? ఈ ఇంట్లో బజారు బట్ట ఎవరూ వేసుకోరు. నువ్వొచ్చినప్పుడు పెట్టెనిండా తెచ్చుకున్నావు, గుర్తుందా?"

"గుర్తుంది. వాటిని చింపి మిషను తుడుస్తున్నారు."

"అంతకే పనికొచ్చాయి. నా చేత్తో కుట్టిందైతే, కొలత మారితే తప్పెవరిదో నాకు తెలుస్తుంది. టేపు అబద్ధం చెప్పదు."

"టేపు చెప్పదు."

"ఏంటా సణుగుడు?"

"ఏం లేదు. మీ స్వెట్టరు భుజం జారుతోందత్తయ్యా."

"జారనీ."

"చేతులు కూడా వేళ్ళమీదికి వచ్చేశాయి. మొన్నటిదాకా మణికట్టు దగ్గరే..."

"ఊలన్నాక సాగుతుంది."

"ఉతికితే బిగుస్తుందని మీరే అన్నారుగా?"

"నాకు అల్లిక నేర్పుతున్నావా? నువ్వు? ఎన్నిసార్లు చూపించినా సూదులు పట్టుకోవడమే చేతకాలేదు నీకు. పట్టుకుంటే ఎవర్నో పొడవడానికి పోతున్నట్టుంటావు."

"అల్లిక నాకు రాదు. ఒప్పుకుంటా. రేపు ఆస్పత్రికి ఎన్నింటికి?"

"ఆస్పత్రని ఎవరు చెప్పారు నీకు?"

"మీ అబ్బాయి."

"వీడి నోట్లో నువ్వుగింజ నానదు కదా! ఏదో, ఊరికే. ఈ వయసులో పరీక్షలు చేయించుకోవడం మంచిదని..."

"బట్టలన్నీ వదులవుతున్నాయని భయపడుతున్నారట."

"నాకేం భయం! తిరుగు. అటు పక్కకి."

"ఆయన దగ్గర ఏడ్చారట కూడా."

"తిరగవే అంటే!"

"తిరిగాను. మీ అమ్మగారు కూడా ఇలాగే, బట్టలు వదులై వదులై..."

"ఆ ఊసు నీకెందుకు?"

"అడుగుతున్నానంతే."

"అవును, అలాగే పోయింది. మంచానికి గౌను తొడిగినట్టుండేది, లోపల మనిషే లేనట్టు. ఆఖరి గౌను నేనే కుట్టాను. లోపల మడత కూడా ఉంచలేదు. ఇక వదులు చేసే అవసరం రాదని తెలుసు. చాలా? తృప్తిగా ఉందా?"

"పిన్నులు తీసెయ్యండి అత్తయ్యా. మీకొకటి చూపించాలి. ఆ మేకుకున్న నా పాత గౌను ఇటివ్వండి."

"దాంతో ఏం పని?"

"తిరగేసి చూడండి. కళ్ళజోడు పెట్టుకుని, పక్క కుట్టు చూడండి."

"ఏముందిక్కడ? కుట్టేగా."

"కుట్టు పక్కన చిల్లులు. సూది దిగిన చిల్లులు. ఒక వరస, దాని పక్కన ఇంకో వరస, దాని పక్కన ఇంకోటి. కుట్టు విప్పి లోపలికి జరిపి కుడితే పాత గుర్తులు బట్టమీద ఉండిపోతాయి. నేర్పింది మీరే."

"దారం తెగితే మళ్ళీ కుట్టుంటాను."

"అన్ని గౌన్లకీ తెగిందా?"

"నా మిషను, నా దారం, నా ఇష్టం!"

"ఇస్త్రీ చేసిపెడతానని ప్రేమగా తీసుకెళ్ళేవారు. తెచ్చిచ్చినప్పుడల్లా కాస్త బిగుతు. నేనే లావవుతున్నానని..."

"నీ మంచికే చేశాను."

"నా మంచికి!"

"నీ మంచికే! వచ్చిన కొత్తలో ఎలా ఉన్నావో చూసుకున్నావా అద్దంలో? నోటితో చెప్తే ఏడుస్తావు. గౌను చెప్తే వింటావు. విన్నావు కూడా."

"విన్నాను. బిగుతైనప్పుడల్లా ఒక పూట తిండి మానేశాను. ఒకసారి గౌను నిజంగానే బిగుతైంది, మీరు చెయ్యి పెట్టకుండానే. తెలుసుగా?"

"అయిపోయినవన్నీ ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"అప్పుడు కడుపుతో ఉన్నాను. నాకు తెలీదు. ఒళ్ళొచ్చిందనుకుని ఇంకా మాడ్చుకున్నాను. బాత్రూంలో పడిపోయాక డాక్టరమ్మ చెప్తేనే తెలిసింది, కడుపొచ్చిందనీ, పోయిందనీ. రెండూ ఒక్కసారే చెప్పింది."

"దానికీ నేనేనా? నీది బలహీనమైన ఒళ్ళు. అందరికీ నిలుస్తాయా ఏం?"

"ఆ రోజు కూడా ఇదే మాటన్నారు. మంచం పక్కన నిలబడి, నా గౌను మడతపెడుతూ అన్నారు. ఆ తర్వాతే నేను కుట్లు విప్పడం నేర్చుకున్నాను."

"ఎవరి కుట్లు?"

"స్వెట్టరు కింద మీరేసుకున్న గౌనుంది కదా. పక్క కుట్టు దగ్గర తడిమి చూడండి. గోటితో."

"ఏం తడమాలి... ఆగు. ఇదేంటి?"

"చిల్లులు."

"నాకెందుకున్నాయివి?"

"మీ బట్టలకి లోపల బోలెడు మడత ఉంచుకుంటారు మీరు. ముందుచూపు మరి, రేపు ఒళ్ళొస్తే వదులు చేసుకోవచ్చని. భోంచేసి మీరు కునుకు తీసినప్పుడల్లా కుట్టు విప్పి, ఆ మడతలోకి కొంచెం కొంచెంగా బయటికి జరిపి కుట్టాను. మీ చూపు ఆనదు, కొత్త కుట్టు పట్టుకోలేరని తెలుసు."

"అంటే... అంటే నేను..."

"మీరు చిక్కలేదు. గౌన్లు పెరిగాయి."

"ఓసి నీ... నేను చచ్చిపోతున్నాననుకున్నానే! కన్ను మూస్తే మా అమ్మే. ఆ గౌనే. లేచి కూర్చుని ఏడ్చేదాన్ని!"

"గోడవతల నించి వినేదాన్ని."

"వినీ ఊరుకున్నావా?"

"మీ ఏడుపు వింటుంటే ఆకలేసేది నాకు. అప్పుడే మళ్ళీ తినడం మొదలెట్టాను. ఇందాక టీ తప్ప ఏమీ ముట్టుకోలేదన్నాను చూడండీ, అదబద్ధం."

"రాక్షసివే నువ్వు!"

"ఎవరి దగ్గర నేర్చుకున్నాను?"

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని... అబ్బ, అబ్బబ్బ..."

"నవ్వుతున్నారేంటి?"

"నవ్వక ఏం చెయ్యను? నాకేం లేదే! రోగం లేదు, రొష్టు లేదు! రేపు ఆస్పత్రీ లేదు, గీస్పత్రీ లేదు. ఆ నొప్పి కూడా నీవల్లే, దిక్కుమాలినదానా."

"ఏ నొప్పి?"

"ఇదిగో, ఇక్కడ పక్కలో. అంతా బెంగతోనే. ముద్ద దిగకపోవడం కూడా బెంగే. ఇప్పుడు చూడు, వారం తిరక్కుండా ఎలా తింటానో! ఫోనిటివ్వు, వాడికి చెప్తాను, డాక్టరూ వద్దు పాడూ వద్దని. నీ సంగతి తర్వాత చూస్తాలే."

"అదిగో, మిషను మీద ఉంది ఫోను."

"ఆఁ, అక్కడే ఉంది... ఉండు."

"ఏం?"

"ఈ స్వెట్టరు."

"ఏమైంది దానికి?"

"ఇదీ నువ్వేనా?"

"ఏది?"

"ఇదేనే! పోయిన చలికాలం ఒంటికి అతికినట్టుండేది. చూడు, ఇందులో ఇంకో మనిషి పడుతుంది. ఇది కుట్టింది కాదు. లోపల మడతా ఉండదు, ఏమీ ఉండదు. అల్లిందాన్ని పెద్దది చెయ్యాలంటే మొత్తం విప్పి మళ్ళీ అల్లాల్సిందే."

"చలిగా ఉందా అత్తయ్యా? కిటికీ వేసెయ్యనా?"

"కిటికీ ఎవడిక్కావాలే! అడిగినదానికి చెప్పు. ఇదీ నువ్వేనా?"

"అత్తయ్యా..."

"నువ్వే అని చెప్పు. తిట్టను. ఒట్టు, ఒక్క మాట కూడా అనను. నువ్వే కదూ?"

"నేనే."

"నువ్వేనా?"

"ఆఁ, నేనే. మీరు మీ అక్కగారింటికి వెళ్ళినప్పుడు మొత్తం విప్పి మళ్ళీ అల్లాను."

"నీకు రాదుగా?"

"నేర్చుకున్నాను."

"ఇందాక రాదన్నావు?"

"అదీ అబద్ధమే."

"హమ్మయ్య! నా తల్లే, నా బంగారు తల్లే! ఎంత దొంగవే నువ్వు! ఇదిగో, ఇలా కూర్చో. ఇవిగో సూదులు. ఇదిగో ఊలు. ఒక్క వరస అల్లి చూపించు. చూసి వాడికి ఫోను చేస్తాను."

"ఇప్పుడెందుకత్తయ్యా..."

"ఒక్కటంటే ఒక్క వరస. తప్పులు పోయినా ఏమీ అనను. అల్లమ్మా."

"రేపు చూపిస్తాలెండి."

"రేపు కాదు. ఇప్పుడే. నీ కాళ్ళు పట్టుకోమంటావా? పట్టుకో సూదులు. పట్టుకున్నావా? ఆఁ, ఇక అల్లు."

"ఊలు ఏ చేత్తో పట్టుకోవాలత్తయ్యా?"