ఐదింటి పాట

సముద్రం ఒడ్డున ఇద్దరు ముసలమ్మలు చేపలు ఎండబెడుతున్నారు.

"ఏమే, కొత్త ఇంగ్లీషు మాస్టారు నిన్న నిన్ను వీపున వేసుకుని కొండెక్కాడటగా?"

"పాపం అక్కా, ఊరి మైకు మోగితే సునామీ వస్తున్నట్టేనని, కొండెక్కాలని పొద్దున బళ్లో ఆయనకు చెప్పారట. సాయంత్రం ఐదింటికి మైకు మోగింది."

"అది పిల్లల్ని ఇళ్లకు పొమ్మనే పాట కదే! రోజూ వేసేదేగా!"

"మన భాష రాని డంకన్ మాస్టారికేం తెలుసు? మొన్నేగా ఊళ్లో దిగాడు. గుమ్మంలో ముల్లంగి తరుక్కుంటున్న నన్ను అమాంతం ఎత్తుకుని ఒకటే పరుగు! కొండ మీది గుడి మెట్లన్నీ ఎక్కేశాడు. అబ్బ, పైనుంచి మనూరు ఎంత ముద్దుగా ఉందో! నా మోకాళ్లు పోయాక మళ్లీ ఆ గుడి చూడటం నిన్ననే."

"సునామీ లేదు, గినామీ లేదని సైగైనా చెయ్యకపోయావా?"

"చేస్తే దింపేస్తాడు కదక్కా!"