పదమూడో బెల్టు

ఎంబ్రాయిడరీ కొట్టు. కుట్టు మిషను దగ్గర అత్త, కంప్యూటరు ముందు కోడలు. పొద్దున పది గంటలు.

"అత్తయ్యా, మిషను ఆపండి."

"ఈ బెల్టు అయిపోవచ్చింది, ఉండు."

"ఆపండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. అసలేం కుడుతున్నారు మీరు?"

"నువ్వు పంపిందే. కరాటే మాస్టారి పిల్లల పేర్లు, జపాను అక్షరాల్లో, నల్ల బెల్టుల మీద, బంగారు రంగు దారంతో. నిన్న నువ్వే కదా కంప్యూటర్లోంచి మిషనుకి పంపావు."

"పంపాను. చూడకుండా పంపాను. ఇప్పుడు చూస్తున్నాను. ఇవి అక్షరాలా?"

"కావా?"

"అన్నీ డబ్బాలే. ఒక డబ్బా, పక్కన ఇంకో డబ్బా, దాని పక్కన ఇంకోటి."

"అదే నేనూ మెచ్చుకున్నాను. ఎంత పద్ధతైన రాత, ఒక వంకర లేదు, టింకర లేదు, దారం ఒక్కసారి కూడా తెగలేదు అని."

"పన్నెండు మంది పిల్లలకీ ఒకే అక్షరం వస్తుందా అత్తయ్యా?"

"లెక్కలో తేడా ఉందిగా. ఒకడికి రెండు, ఒకడికి అయిదు. ఆ అయిదువాడి ఇంటిపేరు పెద్దదేమో అనుకున్నాను."

"ఎన్ని అయ్యాయి?"

"ఏడు. ఇది అయితే ఎనిమిది."

"నా మొహం. సాయంత్రం అయిదింటికి మాస్టారి గురువుగారు, జపాను నుంచి వచ్చినాయన, తన చేత్తో పిల్లల నడుముకి కడతారట. ఆయన చదువుతారు అత్తయ్యా. ఆయనకి వచ్చు. మాస్టారు మూడింటికల్లా వచ్చి పట్టుకెళతానన్నారు. అంత పెద్దాయన ముందు మన పరువు, మాస్టారి పరువు, అన్నీ కలిపి పోతాయి."

"గొంతు తగ్గించు, పక్క కొట్టువాళ్లు వింటారు."

"ఇంతకుముందు ఎప్పుడైనా జపాను అక్షరాలు కుట్టారా మీరు?"

"ఎప్పుడో."

"అప్పుడెలా ఉన్నాయి?"

"ఆ చిన్న కత్తెర ఇటివ్వు. విప్పడం మొదలుపెడతాను."

"అడిగింది చెప్పండి."

"ముందు మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. అతని ఉద్యోగం కంప్యూటర్లతోనేగా."

"చేస్తున్నా, చేస్తున్నా. అన్నయ్యా, నేనే. స్పీకర్లో పెట్టాను, అత్తయ్య వింటున్నారు. నేను పంపిన ఫొటో చూశావా?"

"చూశాను. నమస్కారం అత్తయ్యగారూ. ఏడు బెల్టుల నిండా డబ్బాలు కుట్టారట."

"నమస్కారం బాబూ. నవ్వడం అయ్యాక చెప్పు, ఆగుతాను."

"నవ్వట్లేదండీ, దగ్గు. చెల్లీ, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫాంటు పెట్టావు?"

"హోటలువాళ్ల తువ్వాళ్లకి వాడానే, తీగలు తీగలుగా ఉంటుంది, అది."

"అందులో ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేం ఉండవు. నువ్వు జపాను అక్షరం అడిగావు. తన దగ్గర లేదు. లేదని నోరు తెరిచి చెప్పదు కదా, ఆ చోట ఒక ఖాళీ డబ్బా పెట్టి ఊరుకుంటుంది."

"అచ్చం మీ మామయ్యలాగే. పంచదార అయిపోయిందని చెప్పరు, ఖాళీ డబ్బా తీసుకెళ్లి అలమారులో పెట్టేస్తారు."

"సరిగ్గా అంతే అత్తయ్యగారూ. పేర్లు ఎక్కడికీ పోలేదు, లోపల భద్రంగానే ఉన్నాయి. చెల్లీ, కంప్యూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లు. భాషల్లో జపనీస్ కలుపు. దాంతోపాటే ఫాంట్లు దిగుతాయి."

"దిగుతున్నాయి. కంప్యూటర్ మొత్తం జపానులోకి మారిపోదు కదా?"

"మారదు. మార్చమంటావా అని అడుగుతుంది, వద్దను."

"అడిగింది. నేను సరే అన్నాను."

"చదవకుండా సరే అన్నావా?"

"ఏదో ఒకటి నొక్కాలి కదా అని."

"నీ జబ్బంతా అదే. వెనక్కి వెళ్లి మార్చు."

"మార్చాను. బతికాను."

"ఇప్పుడు కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టు."

"పెడుతున్నా. ఈలోగా అత్తయ్యా, విప్పినచోట చిల్లులు కనిపిస్తాయా?"

"వెనక నుంచి విప్పి ఆవిరి ఇస్త్రీ పెడితే పూడుకుపోతాయి. నా పని నేను చూసుకుంటాను, నువ్వు తెర చూడు."

"వచ్చింది. సాఫ్ట్‌వేర్ తెరిచాను. అన్నయ్యా, ఇంకా డబ్బాలే."

"ఫాంటు మార్చావా?"

"మార్చాలా?"

"కొత్త చెప్పులు కొని మూల పెడితే అవే వచ్చి కాళ్లకి ఎక్కవు కదమ్మా. పేర్లన్నీ ఎంచుకుని ఫాంటు మార్చు."

"మారుస్తున్నా. అత్తయ్యా."

"ఏమైంది మళ్లీ?"

"ఇటు రండి. ఒక్కసారి రండి."

"అబ్బ. ఇవా అక్షరాలు? ఇన్ని గీతలా? ఇది చూడు, ఇంటికి కిటికీలు పెట్టినట్టు. ఎంత బాగున్నాయే."

"ఎవరిది వాళ్లదే. ఒకదానిలా ఇంకోటి లేదు. అన్నయ్యా, నువ్వు దేవుడివి."

"అది తర్వాత. మొత్తం పదమూడు అన్నావు, అన్నీ వచ్చాయా?"

"పిల్లలు పన్నెండు మందీ వచ్చారు. చివరిదొక్కటి రాలేదు. మూడు డబ్బాలు అలాగే ఉన్నాయి."

"అదెవరిది?"

"మాస్టారిదే. పాత బెల్టుకి పోగులు లేచిపోయాయని గురువుగారు ఆయనకీ కొత్తది కడతారట. లిస్టు కూడా ఆ గురువుగారే టైపు చేసి పంపారు."

"ఇంకో ఫాంటు పెట్టి చూడు."

"డబ్బాలు కాస్త లావయ్యాయి."

"ఇంకోటి."

"సన్నబడ్డాయి. కానీ డబ్బాలు డబ్బాలే."

"వింతగా ఉందే. ఇది ఫాంటు తప్పులా లేదు. నాకు మీటింగ్ ఉంది, అయ్యాక చూస్తాను. మీరు ఆ పన్నెండూ కుట్టేయండి."

మధ్యాహ్నం రెండున్నర.

"పన్నెండూ అయ్యాయి అత్తయ్యా. అన్నయ్య చేతులెత్తేశాడు, తన వల్ల కాదట. మాస్టారి బెల్టు ఖాళీగానే ఇద్దాం. ఏంటి, అలా కూర్చుండిపోయారు?"

"ఆయన పాత బెల్టు నేనే కుట్టానే."

"మాస్టారిదా?"

"పన్నెండేళ్లయింది. కొట్టు తెరిచిన వారం. మొట్టమొదటి పని. మీ మామయ్య తెరమీద పెట్టారు, నేను కుట్టాను."

"ఏం కుట్టారు?"

"మూడు."

"మూడు ఏంటి?"

"తెలిసే అడుగుతున్నావు, నా నోటితో అనిపించాలని."

"అయ్యో అత్తయ్యా."

"అదే కట్టుకుని పోటీలకి వెళ్లారు, గెలిచారు, పేపర్లో ఫొటో పడింది. మనం కుట్టిన బెల్టు అని నేను ఆ ఫొటో కత్తిరించి గోడకి పెట్టుకున్నాను. అదిగో, నీ వెనకే ఉంది."

"చెప్పకపోతే సరి. ఆయనకి జపాను చదవడం రాదు. ఈ పూటతో ఆ బెల్టు అలమారులోకి పోతుంది."

"ఈ పూటే కదా గురువుగారి ముందు నిలబడేది. చుట్టూ పిల్లలుంటారు, వాళ్ల తల్లిదండ్రులుంటారు. నా చేతిపని వల్ల ఆయన నవ్వులపాలైతే నేను తట్టుకోలేను. అదిగో వస్తున్నారు, బెల్టు కట్టుకుని తయారై మరీ. నువ్వు మాట్లాడకు."

"అయ్యాయా అమ్మా? ఆహా, ఎంత బాగా కుదిరాయి. ఒకటి, రెండు... పన్నెండే ఉన్నాయే?"

"మాస్టారూ, ముందు కూర్చోండి. మీ నడుముకున్న బెల్టు ఓసారి విప్పి నాకివ్వండి."

"ఎందుకమ్మా?"

"దానిమీద ఉన్నది మీ పేరు కాదు. అవి అక్షరాలే కావు, ఖాళీ డబ్బాలు. నాకు ఈరోజే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను మాస్టారూ. ఇస్తే కనీసం విప్పేసి శుభ్రంగా ఇస్త్రీ చేసిస్తాను."

"తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"డబ్బాలని. ఆ ఏడాదే తెలిసింది. జపాను వెళ్లి గురువుగారి ముందు వంగి నమస్కారం పెడితే, ఆయన నా బెల్టు చూసి నేలమీద కూర్చుని నవ్వారు. కళ్లు తుడుచుకోవడం, మళ్లీ చూడడం, మళ్లీ నవ్వడం."

"మరి వచ్చి నన్ను నాలుగు తిట్టలేదేం?"

"తిడదామనే వచ్చాను. వచ్చేసరికి నా ఫొటో గోడమీద పెట్టారు. ఇది నా మొదటి పని అని ఎవరికో మురిసిపోతూ చూపిస్తున్నారు. నాకు నోరు రాలేదు. తర్వాత తర్వాత, నిజం చెప్పొద్దూ, నాకే దానిమీద ఇష్టం కలిగింది. విప్పడానికి మాత్రం ఇవ్వనమ్మా."

"మాస్టారూ, మధ్యలో మాట్లాడుతున్నానని అనుకోకండి. కొత్త బెల్టు మీద కూడా మీ పేరు లేదండి. పిల్లలందరి పేర్లూ సరిగ్గా వచ్చాయి, మీదొక్కటే ఎన్ని ఫాంట్లు మార్చినా డబ్బాల్లాగే ఉంది."

"ఏదమ్మా, చూపించు."

"ఇదిగోండి, చివర. ఈ మూడూ."

"ఇది సరిగ్గానే వచ్చిందమ్మా. ఆ నవ్విన రోజు నుంచీ మా గురువుగారు నాకు రాసే ప్రతి ఉత్తరం మీదా నా పేరు ఇదే."