లారీ కాటా మీద బావ బరువు

శనివారం సాయంత్రం నాలుగింటికి క్రేన్ ఆపరేటరు కిందికి దిగి, తిన్నగా గేటు పక్కనున్న లారీ కాటా మీదికెళ్ళి నిలబడ్డాడు. కాటా గది కిటికీలో ఎర్రగా వెలిగిన అంకె చూసుకున్నాడు. వంద. ఆరు వారాలుగా అదే వంద. రోడ్డు దాటి, టీ కొట్టు ముందున్న బల్ల మీద కూలబడ్డాడు.

"మళ్ళీ వందేనా తమ్ముడూ?" అంది టీ కొట్టు అక్క, అడక్కుండానే గ్లాసు అందిస్తూ.

"వందే అక్కా. సోమవారం పొద్దున్నే సేఫ్టీ ఆఫీసరు తూస్తాడట. వంద లోపుంటేనే పైకి. లేకపోతే ఇదిగో, ఈ గేటు దగ్గర కుర్చీ వేస్తారు."

సంగతేమిటంటే, ఇన్నాళ్ళూ నిచ్చెన మీదే ఎక్కుతున్న క్రేన్‌కి, సోమవారం నుంచి పైకి తీసుకెళ్ళడానికి కొత్తగా లిఫ్టు బోను పెట్టారు. దాని మీద వంద కిలోల లోపు మనిషే ఎక్కాలని రాసుంది. ఆరు వారాల కిందట మందుల గదిలో తూస్తే ఆపరేటరు నూట ఆరున్నాడు. పధ్నాలుగేళ్ళుగా ఆ పైనుండే గదే ఆయన లోకం. అక్కణ్ణుంచి వాళ్ళింటి డాబా మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, కూతురి బడి ఆవరణ కనిపిస్తుంది. కిందికి దింపేస్తారన్న మాటే ఆయన తట్టుకోలేకపోయాడు. అందుకే రోజూ పని దిగాక యార్డు చుట్టూ ఆరు రౌండ్లు నడుస్తున్నాడు. నడిచొచ్చాక ఫోను చూస్తే నాలుగు వందల కేలరీలు కరిగాయంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ కరిగినదాన్ని తిరిగి తినాలా, కడుపు కట్టుకోవాలా?

తినమంటుంది ఇంటావిడ, అంత ఎత్తున కళ్ళు తిరిగితే ఎవరు పట్టుకుంటారని. తింటే నడిచిందంతా బూడిదలో పోసినట్టేనంటుంది టీ కొట్టు అక్క. మొదటి రెండు వారాలూ ఆయన అక్క మాటే విన్నాడు. ఒకరోజు నిచ్చెన మీద కళ్ళు బైర్లు కమ్మి, మెట్టు పట్టుకుని పది నిమిషాలు అలాగే ఉండిపోయాడు. అప్పటినుంచి భయపడి, కరిగినదాంట్లో సగం తింటున్నాడు. తిన్నా వందే, మానినా వందే.

ఇంతలో కాటా గదికి తాళం వేసి బావ వచ్చాడు. లారీలు తూచేది ఆయనే. ఆపరేటరుకి అక్క మొగుడు. ఒక్కడికి బావ అయిన పాపానికి యార్డు మొత్తం ఆయన్ని బావ అనే పిలుస్తుంది. చేతులూపుకుంటూ, పొట్టని ముందు నడిపించుకుంటూ వచ్చి, బల్ల మధ్యలో కూర్చున్నాడు. బల్ల చివరున్న లారీ డ్రైవరు కింద పడకుండా కాలు ఊతం పెట్టుకున్నాడు.

"బావా, నవ్వులాట కాదు. నిజం చెప్పు. కరిగింది తినాలా, వద్దా?"

"బామ్మర్దీ, నన్నడిగావు, బతికిపోయావు. ఇంకెవణ్ణడిగినా నీ కొంప మునిగేది. ఇలా వినండి అందరూ. మూడేళ్ళ కిందట మీ అక్క నా చొక్కా గుండీలు కుట్టీ కుట్టీ విసిగిపోయి, ఇక నా వల్ల కాదు, పోయి నడవమంది. సరేనని యార్డు చుట్టూ రెండు రౌండ్లు కొట్టా. రెండంటే రెండే, అబద్ధమెందుకు? వంద కేలరీలు కరిగాయంది ఫోను. వచ్చి ఇదిగో ఈ అక్క దగ్గరే ఒక బన్ను తిన్నా. ఒళ్ళు ఖర్చుపెట్టింది ఒంటికే తిరిగి ఇచ్చెయ్యాలి, అదీ న్యాయం."

"ఒకటి కాదు, మూడు తిన్నావు," అంది అక్క.

"మిగతా రెండూ నీ కొట్టుదాకా నడిచొచ్చినందుకమ్మా! మధ్యలో అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు కాటా ఎక్కా. ఎంత తగ్గానంటారు? ఇరవై కిలోలు! ఒక్క రాత్రిలో!"

పక్క బల్ల మీద టీలో బిస్కెట్టు ముంచుకుంటున్న మనిషి తలెత్తాడు. ఏడాదికోసారి కాటాలు సరిచూడ్డానికి వచ్చే మెకానిక్కు. పొద్దుటినుంచి గేటు దగ్గర పనిచేసి, వ్యాను కొట్టు పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఏ కాటా అండీ?" అన్నాడు మర్యాదగా.

"ఇంకే కాటా? నాదే. సర్కారు ముద్ర వేసిన కాటా. అబద్ధమాడదు."

"ఆహా," అని మెకానిక్కు మళ్ళీ బిస్కెట్టు పనిలో పడ్డాడు.

"అప్పుడు తెలిసింది నాకు లోగుట్టు. తినాలంటే నమలాలి కదా? నమిలితే దవడలు ఆడతాయి కదా? అది వ్యాయామమా, కాదా? బన్ను వల్ల వచ్చేది వంద, నమిలితే పోయేది నూట ఇరవై. అంటే ఒక బన్ను తింటే ఇంకో ఇరవై కేలరీలు తక్కువపడతాయి. దానికి ఇంకో బన్ను. అలా తింటూ కూర్చున్నా పొద్దుటినుంచి సాయంత్రందాకా, కాలు కదపకుండా. చెమటలు కారిపోయాయి!"

"మరి ఆ పొట్టేంటి బావా?" అన్నాడు డ్రైవరు.

"ఇది రేపటి నడక తాలూకుది. రేపు తీరిక ఉండదని ఇవాళే తినేశా."

టీ కొట్టు అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆపరేటరుకి మాత్రం నవ్వు రాలేదు. కోతలని తెలుసు. బావ నోట్లోంచి వచ్చినదాంట్లో పదింట ఒకటి నిజముంటే గొప్ప. కానీ ఆ ఒకటి ఏదో ఇవాళ ఆయనకి కావాలి. మునిగేవాడు పట్టుకోవడానికి ఏది దొరుకుతుందా అని చూసినట్టు బావ మొహంలోకే చూస్తున్నాడు.

"ఇదంతా ఒక ఎత్తు, ఆ లారీ సంగతి ఒక ఎత్తు. ఇనప గొట్టాల లారీ, ముప్పై టన్నులు, వానకి గేటు ముందు బురదలో దిగబడింది. తాళ్ళు కట్టారు, తెగాయి. పదిమంది తోశారు, కదల్లేదు. నేను చొక్కా చేతులు మడిచి, ఒక్క తోపు తోశా. లారీ గేటు దాటింది, యార్డు దాటింది, అవతలి గోడదాకా పోయింది. డ్రైవరు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు పాపం! ఫోను తీసి చూద్దును కదా, ఎనిమిది వేలు, తొమ్మిది వేలు, అంకెలు ఆగవే! వేడెక్కిపోయి జేబు కాలిపోయింది. ఇదిగో మచ్చ."

"అది మా అక్క ఇస్త్రీ చేస్తూ కాల్చింది," అన్నాడు ఆపరేటరు.

"ఇస్త్రీపెట్టె కాల్చింది పైన. ఇది కింద. చూసి మాట్లాడు. సరే, తొమ్మిది వేలు కరిగాయి, తిరిగి తినాలా వద్దా? క్యాంటీనుకి పోయి, రెండు వందల మంది మధ్యాహ్న భోజనం ఒక్కణ్ణే కానిచ్చా. గిన్నెలు కూడా కడగాల్సిన పని లేకుండా చేసి పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వచ్చి కాటా చూస్తే... సున్నా!"

"సున్నానా!" అన్నాడు డ్రైవరు.

"గుండు సున్నా! గాలొస్తే లేచిపోతున్నా. జేబుల నిండా బోల్టులు పోసుకుని తిరిగా నెల్లాళ్ళు. రాత్రిళ్ళు మీ అక్క నన్ను బట్టల క్లిప్పులతో దుప్పటికి బిగించి పడుకోబెట్టేది, కావాలంటే అడుగు. ఇంకా విను. ఒక ఖాళీ లారీ కాటా మీదికొచ్చింది. ఎనిమిది వేల నాలుగు వందల కిలోలు. సరదాకి ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నా. తొంగి చూస్తే ఎనిమిది వేల మూడు వందల ఎనభై! నేనెక్కితే లారీయే తేలికైపోయింది! అంచేత బామ్మర్దీ, సందేహం పెట్టుకోకు. కరిగిందంతా తిను, పైన ఇంకొంచెం తిను. సోమవారానికి ఎనభైకి దిగకపోతే నా మీసం తీసేస్తా."

ఆపరేటరు గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. మానితే తగ్గలేదు, సగం తింటే తగ్గలేదు. మిగిలింది ఇదొక్కటే. "అక్కా, నాలుగు బన్నులివ్వు," అన్నాడు నీరసంగా.

"బాబూ, ఒక్క నిమిషం ఆగు," అన్నాడు మెకానిక్కు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, బావ వైపు తిరిగాడు. "అయ్యా, మీరు లారీ తోశారంటే నాకు పేచీ లేదు. భోజనాలూ తినే ఉంటారు. కానీ ఆ కాటాకి కిలోలు తెలీవండీ. దానికి ఇరవైలే తెలుసు. ఎనభై, వంద, నూట ఇరవై. మధ్యలో ఎంతున్నా దగ్గరున్న ఇరవైకి సర్దేస్తుంది. టన్నులు తూచేదానికి కిలో ఎందుకు? నూట పది మీద ఒక పావుకిలో ఉన్న మనిషి ఎక్కితే నూట ఇరవై అంటుంది. అదే మనిషి చెప్పులు విడిచి, ఒకసారి దొడ్లోకెళ్ళొచ్చి ఎక్కితే వంద అంటుంది. ఇరవై కిలోలు ఒక్క రాత్రిలో అలాగే తగ్గుతారు."

"మరి సున్నా?" అన్నాడు డ్రైవరు.

"పక్కన నిలబడి చూసుకుని ఉంటారు."

కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. ఆపరేటరు గ్లాసు పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"అయితే నా వంద వంద కాదా?"

"తొంభై ఒకటైనా వందే చూపిస్తుంది బాబూ, నూట తొమ్మిదైనా వందే."

"బావా! పదిహేనేళ్ళుగా ఆ గదిలో కూర్చున్నావు. నీకు తెలీదా?"

బావ మొహం మొదటిసారి చిన్నబోయింది. "లారీలకి తెలుసురా. దినమంతా ఇరవై ఇరవైగానే రాస్తా. మనుషులకీ అంతేనని తోచలేదు. ఒట్టు. నేను తగ్గాననే అనుకున్నా మూడేళ్ళూ."

మెకానిక్కు వ్యాను తలుపు తీసి, పక్క గిడ్డంగికి ఇవ్వాల్సిన మూటల కాటా ఒకటి దింపాడు. సిమెంటు గచ్చు మీద పెట్టి, నాలుగు మూలలూ సరిచేసి, జరిగి నిలబడ్డాడు. నూట తొమ్మిదని వస్తే ఏం చేయాలో ఆపరేటరుకి తెలీదు. కళ్ళు మూసుకుని ఎక్కాడు.

"ఎంతక్కా?"

అక్క వంగి చూసింది. మళ్ళీ చూసింది. "తొంభై ఆరు! తొంభై ఆరూ నాలుగు వందల గ్రాములు! బూట్లతో!"

ఆయన కళ్ళు తెరిచి, దిగి, మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ అంతే. నడిచిన ప్రతి రౌండూ ఎక్కడికీ పోలేదు. సోమవారం పైకే. ఆయనకి కళ్ళ నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

"మరైతే తినమందామా, మానమందామా?" అన్నాడు డ్రైవరు, ఎటూ తేల్చుకోలేక.

"ఫోను చెప్పినంతా తినకపోవడం మంచిదైంది, అసలు మానకపోవడమూ మంచిదైంది," అంది అక్క. "మానమని నేను చెప్పింది తప్పే తమ్ముడూ. నువ్వు నిచ్చెన మీద కళ్ళు తిరిగి పడుంటే నేనేమైపోయేదాన్ని? ఈ నాలుగు బన్నుల్లో రెండు తిను, చాలు. డబ్బులొద్దు, నా లెక్క."

ఆపరేటరు ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆరు వారాల్లో అంత రుచిగా ఏదీ తినలేదు. అంతలో బావ మెల్లిగా లేచి, లారీ ఏదో వస్తున్నట్టుందని గొణుక్కుంటూ రోడ్డు వైపు జారుకోబోయాడు. ఆపరేటరు ఆయన భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు. కాటా ముందు వంగి, దాని మీదున్న రేకు బిళ్ళ మీది రాత చదివాడు.

"ఎక్కు బావా, భయమేం లేదు. రెండు వందల కిలోలదాకా మోస్తుందని రాశారు."