దానయ్య కొలిచిన అడుగులు

కాసులమ్మని ఒకామె ఉండీదంట, సముద్రం ఒడ్డు ఊల్లో. ఆ ఊరికి ఓ ఆచారం ఉంది. కొత్త పెళ్లికూతురు గడప కాడ్నించి నీటంచు దాకా అడుగులు లెక్కెట్టుకుంటా ఎల్లి గంగమ్మతల్లికి పసుపునీళ్లు పొయ్యాల. ఆ తర్వాత ఏటేటా పండక్కి అలాగే. పెళ్లైన ఏడాది కాసులమ్మకి మూడొందల అడుగులొచ్చినాయంట. మరి ముసిల్దైనాక ఎన్ననుకున్నారు? నూట నలభై! ముసిల్దాని అడుగు పొట్టిదవుద్ది, లెక్క పెరగాల కదా, తరిగిపోయింది. అంటే సముద్రమే గడప కాడికి నడిసొస్తందన్నమాట.

ఈమె మొగుడు దానయ్య. 'మావా, తుపాను నెల రాకముందే మెరక మీదకి ఎల్లిపోదాం' అని ఈమంటే ఇంటాడా? 'సముద్రం అన్నాక వస్తాది, పోతాది. మా అయ్య కాలంలోనూ వచ్చింది. నీకు లెక్క రాదే' అనీసేవాడంట. ఏటైందంటే, వలలల్లే అప్పలకొండ తాడేసి కొలిసినాడు, బడి పంతులు టేపుతో కొలిసినాడు, ఆడోల్లంతా ఎవల గడప కాడ్నించి ఆల్లు కొలిసినారు. ఒకల్లనొకల్లు అడగలేదు, అయినా అందరి లెక్కా ఒకటే సెప్పింది, సముద్రం సగం పైన మింగీసిందని. ఊరు ఊరంతా సామాను మోసుకుంటంటే దానయ్య, 'అందరూ కూడబలుక్కున్నారు' అని అరుగు దిగలేదు. ఆ అరుగు కాసులమ్మ కోసం ఆడు సేత్తో మెత్తింది, పాపం. ఆమెకి తెల్దా? 'నువ్వు రాకుండా నానెక్కడికెల్తాను మావా' అని ఆమె కూడా ఉండిపోయింది.

ఇంక ఓ పొద్దుగాల, 'ఎవల మాటా వద్దు. నువ్వే కొలు. నువ్వెంతంటే అంత, మల్లీ మాటెత్తను' అందంట. బయల్దేరినాడు దానయ్య. సూడాల ఆ ముసిలోడిని! కొత్తగా నడక నేర్సిన పిల్లోడిలాగ సిన్న సిన్న అడుగులేస్తన్నాడు, లెక్క పెరగాలని. ఎనకాల కాసులమ్మ సూస్తంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండొందల పది అనీసరికి ఆడి కాళ్లు తడిసిపోయినాయి. అక్కడే నిలబడిపోయినాడు. 'కాసులూ, దొంగడుగులేసినా మూడొందలు రాలేదే' అని బావురుమన్నాడంట. ఆమె కొంగుతో ఆడి మొకం తుడిసి, 'పోన్లే మావా. మెరక మీద ఇంకో అరుగు మెత్తు. మట్టి నాను తొక్కుతాను' అంది. ఆ సాయంత్రానికి ఇల్లు ఎత్తీసినారు.

ఆల్ల పాత అరుగున్న కాడ ఇప్పుడు తెప్పలు తేల్తన్నాయి అనుకో. ఈ మెరక మీద గడప మాదే, ఆ కాసులమ్మ మనవరాల్నే నాను. ఏటేటా కొలుస్తాను. ఎంతొచ్చిందని అడక్కు బాబూ. నీ కాళ్లు నీకున్నాయి, ముందు నువ్వెల్లి కొలిసిరా, అప్పుడు నా లెక్క సెప్తాను. అడుగులు మాత్రం పొట్టిగా ఎయ్యకేం.