సాంచ ఆగినట్టు

సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే ఆమె భర్తకు చేతుల వణుకు తగ్గాలని మెదడులో సన్నని తీగ, ఛాతీలో చిన్న యంత్రం అమర్చారు. కరోనా వల్ల ఆసుపత్రి వాళ్లు ఆమెను గేటు దాటనివ్వలేదు. అంతా బాగుందని చెప్పి ఈ రోజే, వాళ్లు వలస వచ్చి ఉంటున్న గోడాదరాలోని ఇంటికి పంపారు.

“తలకు రంధ్రం పెడుతుంటే నిజంగనే మెలకువతోని ఉన్నవా?”

“ఉన్న. నొప్పి తెల్వకుండ సూది ఇచ్చిండ్రు. తీగకు కరెంటు పెట్టుకుంట, చెయ్యి లేపు, మాట్లాడు అని డాక్టర్ అడుగుతనే ఉండె.”

“భయం కాలేదా?”

“మస్తయింది. ఒక్కసారి గిట్ల చెయ్యి లేపిన. సాంచ బంద్ చేసినట్టు వణుకు ఆగిపోయింది!”

“అప్పుడేమన్నవ్?”

“తెలుగుల ఒర్లిన. డాక్టర్‌కు సమజ్ కాలే. క్యా బోలా అని అడిగిండు.”

“ఏమని ఒర్లినవ్?”

ఆయన గుండు తల నిమురుకుంటూ సిగ్గుపడ్డాడు.

“ఇగ నాకు తినిపించే పని లేదే నీకు, అని ఒర్లిన.”

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, రెండు పళ్లేలలో అన్నం పెట్టింది.

“జర జరుగు, నేను గూడ కూసుంట. ఆరేండ్లయింది, మనమిద్దరం కలిసి తిని.”